చేతులెత్తే మేడమ్

"రెండు చేతులూ పైకెత్తండి."

బస్సు డ్రైవరు చేతులెత్తాడు. ఎడమ చెయ్యి చెవిని దాటి పైకి వెళ్ళింది. కుడి చెయ్యి భుజమెత్తున ఆగి, కాసేపు అక్కడే ఊగిసలాడి, మెల్లగా దిగిపోయింది. అతను సిగ్గుపడ్డట్టు నవ్వాడు.

"నిద్ర సరిపోవట్లేదు మేడమ్. డ్యూటీలు అలా ఉన్నాయి."

"మళ్ళీ ఎత్తండి. తొందరేం లేదు."

మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ అంతే అయింది. డాక్టరమ్మ కుర్చీ ముందుకు జరుపుకుని అతని కుడి చేతిని తన చేతుల్లోకి తీసుకుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, చేతి వెనక, చిన్న దిండులా ఉబ్బి ఉండాల్సిన కండ కరిగిపోయి గుంట పడింది. చొక్కా విప్పమంది. భుజం మీద చర్మం కింద ఏదో అదిరింది, ఆగింది, రెండంగుళాల అవతల మళ్ళీ అదిరింది. ఈగ వాలినప్పుడు గొడ్డు చర్మం వణికించినట్టుంది. అతనికి మాత్రం ఏమీ తెలియడం లేదు. ఎదురు గోడ మీద మెదడు బొమ్మని చూస్తూ కూర్చున్నాడు.

"నోరు తెరవండి. నాలుక బయటికి చాపొద్దు, లోపలే వదిలేయండి."

టార్చి వేసి చూసింది. నిలవ నీళ్ళ మీద సన్నటి చినుకులు పడుతున్నట్టు నాలుక పైనంతా సుళ్ళు. టార్చి ఆర్పేసింది.

తెలిసిపోయింది. తెలుసుకోవడానికి ఇప్పుడు ఆమెకి అట్టే సేపు పట్టదు. ఎంత సేపు పట్టినా చెప్పడానికే.

"కొన్ని పరీక్షలు రాస్తున్నాను. మళ్ళీ వచ్చేటప్పుడు ఇంట్లోవాళ్ళని ఎవరినైనా తోడు తెచ్చుకోండి."

"వాళ్ళెందుకు మేడమ్? గేరు మార్చేటప్పుడు కాస్త పట్టు జారుతోంది, అంతే. విటమిన్ మాత్రలేవైనా రాసిస్తే సరిపోతుంది."

"అవీ రాస్తాను. తోడు మాత్రం తెచ్చుకోండి."

విటమిన్ మాత్రలు రాసింది. అతని మొహం తేటపడింది. తన జబ్బు తనే కనిపెట్టినందుకు సంబరపడుతూ చొక్కా తొడుక్కున్నాడు. గుండీలు పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. తను చూస్తున్నట్టు అతనికి అనిపించకూడదని ఆమె గోడ వారన ఉన్న సింకు దగ్గరికి వెళ్ళి, అక్కర్లేకపోయినా, చేతులు కడుక్కుంటూ నిలబడింది.

విద్యార్థులు ఆమెకి చేతులెత్తే మేడమ్ అని పేరు పెట్టి చాలా ఏళ్ళయింది. గదిలోకి వచ్చిన ప్రతి మనిషితోనూ ఆమె అనే మొదటి మాట చేతులెత్తమనే. ఆ మనుషుల విషయంలో చివరికి ఆమె చేసేదీ అదే, చేతులెత్తేయడం. రెండర్థాలూ కుదిరిన పేరు కావడంతో అది ఒక బ్యాచి నుంచి ఇంకో బ్యాచికి చెక్కుచెదరకుండా అందుతూ వచ్చింది. లిఫ్టులో ఆమె వెనకే నిలబడి, ఆమె ఉన్నదని గమనించక, ఇద్దరు కుర్రాళ్ళు ఆ పేరుతో మాట్లాడుకుంటుంటే ఒకసారి వింది. ఆ రోజు కొంచెం నొచ్చుకుంది. ఆ తర్వాత, పెట్టినవాడెవడో తెలివైనవాడే అనుకుంది.

ఈ జబ్బు ఆమె ఏరి కోరి ఎంచుకున్నది కాదు. చాలామంది, ఆమె తండ్రో అన్నో దీనితోనే పోయి ఉంటారనీ, అందుకే పట్టుదలగా దీని మీద పనిచేస్తోందనీ అనుకుంటారు. ఆమె అవుననదు, కాదనదు. జరిగిందేమిటంటే, ఉద్యోగంలో చేరిన కొత్తలో అప్పటి పెద్ద ప్రొఫెసరు ఒకనాటి పొద్దున జూనియర్లందరినీ కూర్చోబెట్టి తలా ఒక జబ్బు పంచిపెట్టాడు. ఆ పొద్దున పసిపిల్లకి జ్వరమొచ్చి, పిల్లని అత్తగారికి అప్పగించి, ఆమె పరుగున వచ్చేసరికి పంపకం అయిపోయింది. పక్షవాతం ఒకరికి పోయింది. మూర్ఛ ఒకరికి పోయింది. తలనొప్పి కూడా పోయింది. "అయ్యో, నీకిది మిగిలిందమ్మా" అన్నాడాయన. తర్వాత ఎప్పుడైనా మార్పిస్తానని కూడా అన్నాడు. ఆయన మరిచిపోయాడు, కొన్నాళ్ళకి ఆమె కూడా మరిచిపోయింది.

మిగిలినది ఇది. మెదడు నుంచీ వెన్ను నుంచీ కండరాలకి ఆజ్ఞలు మోసే నరాలు ఎందుకో ఒక్కొక్కటే చచ్చిపోతాయి. చెయ్యి పోతుంది, కాలు పోతుంది, మాట పోతుంది, మింగడం పోతుంది, చివరికి ఊపిరి లాగే కండ పోతుంది. చాలామందిలో బుద్ధి మాత్రం చెక్కు చెదరదు. తన ఇంట్లో గది తర్వాత గదిలో దీపాలారిపోతుంటే నడవలో నిలబడి చూస్తున్నవాడిలా, రోగి అంతా చూస్తూనే ఉంటాడు. మందు లేదు. ఉన్న ఒక్క మందూ ఆయుష్షుని నాలుగు నెలలు పెంచుతుందేమో, అదీ ఖాయం కాదు. మధ్యలో ఒకసారి ఒక కొత్త మందు పరీక్షకి వచ్చింది. ఆమె రోగులు కొందరు అందులో చేరారు. రెండేళ్ళ పాటు ఆమె నడకే మారిపోయింది, మెట్లు గబగబా ఎక్కేది. ఫలితాలు వచ్చాక మళ్ళీ లిఫ్టు కోసం నిలబడటం మొదలుపెట్టింది.

తల్లి బతికి ఉన్నన్నాళ్ళూ ఆమె ఇంటికి రాగానే ఒకటే అడిగేది. "ఇవాళ ఎవరికి నయం చేశావే?" ఆ ప్రశ్న కోసం ఆమె తోవలోనే ఒక జవాబు తయారుచేసుకునేది. ఒకరోజు మెడనొప్పి, ఒకరోజు జ్వరం, ఒకరోజు ఎవరో పిల్లాడి తిమ్మిరి. తల్లి చెవులారా వినేది. వెళ్ళిపోయే ముందు వారం కూడా, "ఆ పిల్లాడికి తిమ్మిరి తగ్గిందా?" అని అడిగింది. తగ్గిందమ్మా, బడికి వెళుతున్నాడు అని చెప్పింది. ఆ పిల్లాడు అసలు లేడు.

బయట ఇంకా రోగులున్నారా అని తలుపు వైపు చూసేసరికి పీజీ చదువుతున్న అమ్మాయి లోపలికి వచ్చింది. వార్డు నుంచి పరుగులాంటి నడకతో వచ్చినట్టుంది, మెడలో స్టెతస్కోపు ఒక పక్కకి జారింది.

"మేడమ్, పాటగాడికి రాత్రి నుంచి బాగోలేదు. మత్తుగా ఉంటున్నాడు. రక్తంలో బొగ్గుపులుసు వాయువు బాగా పెరిగింది."

"మాస్కు పెట్టే ఉంచారా?"

"ఉంది మేడమ్. కానీ గాలి పక్కల్నుంచి పోతోంది. గడ్డం పెరిగింది కదా, బుగ్గకి అతుక్కోవట్లేదు. వాళ్ళావిడ గొంతుకి ట్యూబు వేయమంటోంది. ఆయనేమో అప్పుడు వద్దన్నాడు. ఏం చేద్దాం?"

ఏం చేద్దాం అన్న మాట ఈ గదిలో చాలాసార్లు వినపడేదే. డాక్టరమ్మ లేచి కోటు తొడుక్కుంది.

పాటగాడంటే పాటలు పాడేవాడు కాదు. కూరగాయల హోల్‌సేలు మార్కెట్లో వేలంపాట పాడేవాడు. తెల్లారకుండానే లారీలు దిగేవి. గోతాల గుట్ట ఎక్కి నిలబడి అతను అరిచాడంటే మార్కెట్టు ఈ చివర నుంచి ఆ చివరకి వినపడేదట. ఒకే ఊపిరిలో ధరలన్నీ చెప్పి, మూడోసారి అన్నాక గానీ గాలి పీల్చుకునేవాడు కాదట. అలాంటి గొంతు ఒక చలికాలంలో ముద్దగా రావడం మొదలైంది. పొద్దున్నే తాగి వస్తున్నాడని వ్యాపారులు గుసగుసలాడారు. పుట్టి బుద్ధెరిగి చుక్క ముట్టని మనిషికి ఆ మాటే జబ్బు కంటే ఎక్కువ బాధ పెట్టింది. తాగలేదని రాయించుకుపోదామనే మొదట ఆస్పత్రికి వచ్చాడు.

డాక్టరమ్మ అతనికి సంగతి చెప్పిన రోజు భార్య కూడా పక్కనే ఉంది. అంతా విని అతనే, ఒక్కో మాటా కూడదీసుకుంటూ అన్నాడు.

"అంటే, నన్నే పాటకి పెట్టారన్నమాట. ఎంత దాకా పోతాను మేడమ్?"

"రెండేళ్ళు. మూడు కూడా కావచ్చు."

"అంతేనా? ఇంకొంచెం పాడండి."

భార్య చీర చెంగు నోట్లో కుక్కుకుంది. డాక్టరమ్మ నవ్వింది. నవ్వినందుకు ఆ తర్వాత చాలా రోజులు తనని తాను తిట్టుకుంది, కానీ అతను కోరుకున్నది అదేననీ ఆమెకి తెలుసు.

అప్పటి నుంచి అతను ఆమె పేషెంటే. బుధవారం క్లినిక్కి మొదట నడిచి వచ్చాడు, తర్వాత కర్రతో, తర్వాత చక్రాల కుర్చీలో. మాట పూర్తిగా పోయాక అక్షరాలు రాసిన ఒక ప్లాస్టిక్ పలక మీద చూపుతో అక్షరం అక్షరం చూపించి మాట్లాడటం నేర్చుకున్నాడు. అలాగే, వానలు మొదలైనప్పుడు, అందరి ముందూ, గొంతుకి కన్నం వద్దు అని చెప్పాడు. రెండోసారి అడిగినా అదే చెప్పాడు. భార్య బయటికి వెళ్ళి వసారాలో స్తంభానికి ఆనుకుని నిలబడింది.

వార్డు చివర, కిటికీ పక్కన, అతని మంచం. గోతాల గుట్ట ఎక్కిన మనిషి దుప్పటి కింద ఉన్నాడో లేడో తెలియనట్టున్నాడు. ముక్కూ నోరూ కప్పిన మాస్కు పక్కల్నుంచి గాలి బుస్సున పోతోంది. యంత్రం ఊదినప్పుడల్లా గడ్డం వెంట్రుకలు కదులుతున్నాయి. భార్య మంచం పట్టె మీద కూర్చుని అతని పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటే వంచుతోంది. వంచకపోతే బిగుసుకుపోతాయని డాక్టరమ్మే నేర్పింది. చిన్న మనిషి, గట్టి మనిషి. ఈ మూడేళ్ళలో భర్తని ఎత్తీ దించీ ఆమె భుజాలు మగవాళ్ళ భుజాల్లా తయారయ్యాయి.

"వచ్చారా డాక్టరమ్మా! చూడండి, ఎలా గాలి పోతోందో. ఆ ట్యూబేదో వేసేయండి. నేను చూసుకుంటాను. తుడవడం, కడగడం, అన్నీ నేర్చుకుంటాను. వేరే మంచం మీద ఉన్నాయనకి వాళ్ళమ్మాయి చెయ్యట్లేదూ?"

"ఆయన వద్దన్నారు కదమ్మా."

"అప్పుడన్నాడు. అప్పుడు ఊపిరి బానే ఉంది. ఆకలి లేనివాణ్ణి అన్నం పెట్టనా అని అడిగితే వద్దంటాడు. ఇప్పుడు అడగండి."

అందులో న్యాయం లేకపోలేదు. డాక్టరమ్మ మంచం మీదికి వంగి అతని భుజం తట్టింది. కళ్ళు తెరుచుకున్నాయి. నెమ్మదిగా ఆమె మొహం మీద నిలిచాయి. గుర్తుపట్టాడు.

"నేనడిగేది వింటున్నారా? గొంతుకి ట్యూబు వేస్తే యంత్రంతో ఇంకొన్నాళ్ళు ఉండొచ్చు. మాట రాదు, కదలడం రాదు. ఊపిరి మాత్రం ఆడుతుంది. వేయమంటే ఒకసారి గట్టిగా కళ్ళు మూయండి. వద్దంటే పైకి చూడండి."

అతని మొహంలో ఏదో కదిలింది. మూతి ఒక పక్కకి లాగింది, బుగ్గలు పైకి లేచాయి, మాస్కు లోపల నుంచి గరగరమని ఒక శబ్దం మొదలైంది. నవ్వు. ఛాతీ ఎగిరెగిరి పడేంత నవ్వు. కళ్ళు మూసుకుపోయాయి, తెరుచుకున్నాయి, పైకి తేలిపోయాయి, మళ్ళీ మూసుకుపోయాయి. నీళ్ళు చెంపల మీదుగా చెవుల్లోకి కారాయి.

"నవ్వుతున్నాడు" అంది భార్య లేచి నిలబడి. "సరే అంటున్నాడు. కదా డాక్టరమ్మా? ఇష్టం లేనివాడు నవ్వుతాడా?"

ఆ ఒక్క ప్రశ్న కోసమే డాక్టరమ్మ ఇరవై ఏళ్ళకి పైగా పనిచేసింది. ఈ జబ్బున్నవాళ్ళలో కొందరికి నవ్వూ ఏడుపూ మనసు చేతిలోంచి జారిపోతాయి. తమ్ముడి శవం ముందు నిలబడి పగలబడి నవ్విన ఒక బడిపంతులు మొట్టమొదట ఆమె కంటబడ్డాడు. ఊరంతా అతన్ని ఛీ కొట్టింది. అది అతని నవ్వు కాదని, జబ్బు నవ్వుతోందని ఆమె ఇంటింటికీ వెళ్ళి చెప్పినంత పని చేసింది. అప్పటి నుంచి మనిషి నవ్వే నవ్వుకీ జబ్బు నవ్వే నవ్వుకీ తేడా ఎలా పట్టుకోవాలా అని చూస్తూ వచ్చింది. మొహాలు వీడియో తీసింది, కంటి చివర ముడతలు కొలిచింది, ఊపిరి లెక్కపెట్టింది. నాలుగైదు వ్యాసాలు రాసింది. ఎవరో దూరదేశం వాళ్ళు ఇద్దరు ముగ్గురు వాటిని తమ వ్యాసాల్లో ఒక మూల ఉటంకించారు.

ఇప్పుడు ఆ నవ్వు ముందు నిలబడి ఆమె అతని కళ్ళ చివర ముడతలు చూసింది. ఊపిరి చూసింది. అన్నీ చూసింది.

"తెలీదమ్మా" అంది. "ఆ నవ్వుని బట్టి ఏమీ చెప్పలేం."

"మీకే తెలీకపోతే ఎవరికి తెలుస్తుంది?"

నవ్వు ఎంతకీ ఆగకపోవడంతో అతని గోళ్ళు నీలంగా మారసాగాయి. పీజీ అమ్మాయి మాస్కు పట్టీ బిగించి, రెండు చేతులతో బుగ్గలకి అదిమి పట్టుకుంది. కాసేపటికి నవ్వు దానంతటదే తగ్గి, ఎక్కిళ్ళలా మారి, ఆగిపోయింది. అలసటతో కళ్ళు మూతలు పడ్డాయి.

"ముందు గడ్డం తీస్తే మాస్కు అతుక్కుంటుంది. గాలి సరిగా అందితే మత్తు కాస్త వదుల్తుంది" అంది డాక్టరమ్మ. "అప్పుడు మళ్ళీ అడుగుదాం. నాకు పైన ఒక మీటింగుంది, అవగానే వచ్చేస్తాను."

ఆ గడ్డం తనే తీస్తానంది భార్య. ఇంటికి ఫోను చేసి సామాను తెప్పిస్తానంది.

మీటింగు ప్రిన్సిపాల్ గదిలో. కాలేజీ వెబ్‌సైటు కొత్తగా చేస్తున్నారు. అందులో అధ్యాపకులందరి ఫోటోలూ, వైద్యంలో, పరిశోధనలో వాళ్ళ ఆసక్తులూ పెట్టాలట. ఒక మూల తెల్లటి తెర కట్టి ఫోటోలవాడు లైట్లు పెట్టాడు. ఒక్కొక్కరూ తెర ముందు నిలబడి, నవ్వి, ఒక్క ముక్కలో తమ ఆసక్తి చెప్పాలి. పక్కన ఒకాయన టైపు చేసుకుంటున్నాడు. ప్రిన్సిపాల్ ఒకప్పుడు ఆమె దగ్గర చదువుకున్నవాడే. జుట్టుకి కొత్తగా రంగు వేసుకున్నాడు, నుదుటి మీద కొంచెం అంటుకుంది.

"గుండె కోయకుండా కవాటాలు మార్చడం" అన్నారొకరు. "మూర్ఛకి ఆపరేషను" అన్నారింకొకరు. "పుట్టుకతో చెవుడున్న పిల్లలకి వినికిడి" అంది చెవుల డాక్టరు, ఆ మాటంటుంటే ఆమె మొహం వెలిగింది, ఫోటో బాగా వచ్చింది. అందరివీ చేసి చూపించే పనులు. తన వంతు వచ్చేలోగా ఏం చెప్పాలా అని డాక్టరమ్మ వెతుక్కుంది. ఆసక్తి అన్న మాట దగ్గరే ఆగిపోయింది. పాటగాడి భార్య మొదట్లో ఒకసారి అడిగింది, "ఇంతమంది డాక్టర్లుండగా మీరొక్కరే ఈ జబ్బు చూస్తారట, దీని మీద మీకంత ఇష్టమేమిటమ్మా?" అని.

"మేడమ్, మీరు?"

తెర ముందుకెళ్ళి నిలబడింది. లైట్ల వేడి మొహానికి కొట్టింది.

"నవ్వు" అంది.

అందరూ నవ్వారు. ఆమె తనకే చెప్తోందనుకుని ఫోటోలవాడు, "నవ్వుతూనే ఉన్నాను మేడమ్, మీరు నవ్వండి" అన్నాడు. మళ్ళీ నవ్వారు. ఆమె వివరించబోయింది. ఆపుకోలేని నవ్వు, అది జబ్బులో ఒక లక్షణం, రోగి మనసుకీ మొహానికీ... ప్రిన్సిపాల్ వాచీ చూసుకుని, "నరాల క్షీణత అని రాయండి" అని టైపు చేసేవాడికి చెప్పాడు. "నవ్వంటే చదివేవాళ్ళకి అర్థం కాదు కదండీ."

బయటికి వస్తుంటే వెనకే వచ్చి, తలుపు దగ్గర గొంతు తగ్గించాడు.

"ఏమనుకోకండి మేడమ్. మీ బుధవారం గది పక్షవాతం విభాగం వాళ్ళడుగుతున్నారు. వాళ్ళకి రోగులెక్కువ. పైగా వాళ్ళ దగ్గర నడిచి వెళ్ళేవాళ్ళుంటారు, కనపడే ఫలితం ఉంటుంది. మీరేదైనా మూలగదిలో సర్దుకుంటే..."

"చక్రాల కుర్చీ పట్టాలి" అంది ఆమె. "తలుపు వెడల్పు ఉన్న గది చూడండి."

అంతకంటే ఏమైనా అని ఉండాల్సిందని మెట్ల దగ్గరికి వచ్చాక తోచింది.

మెట్ల మీద ఉండగా ఫోను మోగింది. భర్త. కళ్ళజోళ్ళ దుకాణం అల్లుడికి అప్పగించాక ఆయనకి ఏమీ తోచక, ఈ వయసులో ఈత నేర్చుకుంటున్నాడు.

"ఏమోయ్! ఇవాళ తేలాను!"

"ఏమిటి?"

"తేలానోయ్. ఎవరూ పట్టుకోకుండా. వెల్లకిలా. ఆ మాస్టారు, చిన్న కుర్రాడు, ఏమన్నాడో తెలుసా? మీరు ప్రయత్నం మానేశారు సార్, అందుకే తేలారు అన్నాడు."

"చెవుల్లో నీళ్ళు పోలేదు కదా?"

"పోయాయి. పోతే పోనీ. నువ్వెప్పుడొస్తావు?"

"చూస్తాను. ఒక పేషెంటు ఉన్నాడు."

"నయమవుతుందా?" అని ఆయన అడగడు. పెళ్ళయిన తొలి ఏళ్ళలో అడిగేవాడు. "సరే, జాగ్రత్త" అని పెట్టేశాడు. ఆ తడి గొంతులోని సంతోషం చెవిలో ఉండగానే ఆమె వార్డులోకి నడిచింది.

గడ్డం గీయడం అప్పుడే మొదలైంది. భార్య మంచాన్ని కొంచెం లేపి, అతని మెడ చుట్టూ తువ్వాలు కట్టింది. స్టీలు గ్లాసులో గోరువెచ్చటి నీళ్ళు కిటికీ గట్టు మీద పెట్టుకుంది. రెండు బుగ్గలకీ నురగ పట్టించింది. పీజీ అమ్మాయి మాస్కుని కాసేపు తీసి పట్టుకోవడం, నాలుగు గీతలు గీశాక మళ్ళీ అదిమి పెట్టడం. మాస్కు అంచున నురగ అంటుకుంటే తుడవడం. ఇద్దరూ మాటల్లేకుండా ఆ వరస కుదుర్చుకున్నారు.

"పెళ్ళయిన కొత్తలో ఈయన గడ్డం నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు డాక్టరమ్మా" అంది భార్య తల తిప్పకుండానే. "నువ్వు కోసేస్తావే అనేవాడు. ఇప్పుడు నోరెత్తమనండి చూద్దాం!"

అతని కళ్ళు తెరిచే ఉన్నాయి. పొద్దుటికంటే తేటగా ఉన్నాయి. భార్యనే చూస్తున్నాడు. నవ్వు లేదు. అడగడానికి ఇదే సమయమని డాక్టరమ్మకి తెలుసు. మంచానికి అవతలి పక్కకి వెళ్ళి, అతనికి కనపడేట్టు వంగింది.

"పొద్దున అడిగాను కదా. మళ్ళీ అడగనా?"

కళ్ళు ఆమె వైపు వచ్చాయి. ఒక్క క్షణం ఆమె మీద నిలిచి, మళ్ళీ భార్య వైపు వెళ్ళిపోయాయి.

"ఈ గడ్డం కానివ్వండి. తర్వాత అడుగుదురు" అంది భార్య. "కదిలితే తెగుతుంది. కాస్త ఈ దవడ పట్టుకుంటారా? తల నిలవట్లేదు."

డాక్టరమ్మ అతని దవడ కింద రెండు వేళ్ళు ఆనించి, బొటనవేలితో బుగ్గ చర్మాన్ని చెవి వైపు లాగి పట్టుకుంది. రోగుల ఒంటి మీద ఆమె చేతులు పెట్టని చోటు లేదు, కానీ ఇలా పట్టుకోవడం ఎప్పుడూ చేయలేదు. చర్మం వెచ్చగా, వదులుగా ఉంది. వేళ్ళ కింద నాడి చిన్నగా, తొందర తొందరగా కొట్టుకుంటోంది. బ్లేడు కిందికి దిగుతున్నప్పుడల్లా ఇసుక మీద నడిచినట్టు సన్నటి చప్పుడు. నురగ చారల మధ్య నుంచి కుడి బుగ్గ శుభ్రంగా, కుర్రవాడి బుగ్గలా బయటపడింది.

"అయిపోయింది ఈ పక్క" అంది భార్య. "మాస్కు పెట్టమ్మా."

మాస్కు ఆ వైపు ఈసారి చక్కగా అతుక్కుంది. అవతలి వైపు పీజీ అమ్మాయి అరచేత్తో ఒత్తిపట్టుకుంది. యంత్రం ఊదింది, ఛాతీ లేచింది. మళ్ళీ ఊదింది, మళ్ళీ లేచింది. భార్య బ్లేడుని నీళ్ళలో ఆడించి, విదిలించి, గ్లాసు అంచుకి తట్టింది. వేళ్ళ కింద నాడి ఒక దెబ్బ తప్పింది. ఇంకొకటి తప్పింది. డాక్టరమ్మ వేళ్ళు కొంచెం జరిపి మళ్ళీ ఆనించింది. తొందర పోయింది. ఒకటి కొట్టుకుంది. చాలాసేపటికి ఇంకొకటి. తర్వాత ఆమె ఎంత వెతికినా తన వేళ్ళలోని నాడే ఆమెకి తగిలింది.

అతని కళ్ళు భార్య వైపే ఉన్నాయి. ఛాతీ లేస్తూనే ఉంది, యంత్రం లేపుతోంది.

పీజీ అమ్మాయి మానిటరు చూసి, డాక్టరమ్మ వైపు చూసింది. నోరు తెరవబోయింది. ఎమర్జెన్సీ వాళ్ళని పిలిస్తే నిమిషంలో పరుగెత్తుకొస్తారు, ఛాతీ నొక్కుతారు, గొంతులోకి గొట్టం దించుతారు. డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. వానలు మొదలైనప్పుడు అతను చూపుతో ఒక్కో అక్షరం ఏరుకుంటూ చెప్పిన మాట ఉంది. ఇవాళ్టి మాట లేదు. అడిగి ఉంటే ఏమనేవాడో, ఇక ఏ లోకంలోనూ తెలిసేది కాదు.

"అమ్మా" అంది.

భార్య బ్లేడు ఎత్తిన చెయ్యి అలాగే ఆపి, డాక్టరమ్మ మొహంలోకి చూసింది. అతని మొహంలోకి చూసింది. చెప్పాల్సిన అవసరం రాలేదు. ట్యూబు మాట ఎత్తుతుందని డాక్టరమ్మ ఎదురుచూసింది. భార్య పెదవులు కదిలాయి.

"ఈ పక్క మిగిలింది" అంది.

పీజీ అమ్మాయి మాస్కు తీసేసి, యంత్రం ఆపేసింది. అంతసేపూ అది చేస్తున్న చప్పుడు ఎంత పెద్దదో ఆగాక తెలిసింది. భార్య ఎడమ బుగ్గ మీద ఆరిపోతున్న నురగకి బ్రష్షుతో మళ్ళీ తడి తగిలించి, పై నుంచి కిందికి, ముందుకంటే మెల్లగా గీయడం మొదలుపెట్టింది. డాక్టరమ్మ మంచం ఈ పక్కకి వచ్చి, చర్మం లాగి పట్టుకుంది. పట్టుకోవడం ఒక్కటే చేయగలిగింది కాబట్టి, అది సరిగ్గా చేసింది. ముక్కు కింద గీసేటప్పుడు భార్య అలవాటుగా తన పై పెదవిని లోపలికి మడుచుకుంది. ఎక్కడా తెగలేదు.

తడి తువ్వాలుతో మొహమంతా తుడిచాక ఆమె వెనక్కి జరిగి చూసుకుంది. "మార్కెట్టుకి వెళ్ళేటప్పుడు ఇలాగే ఉండేవాడు" అంది. తువ్వాలు మడిచి, మంచం పక్కన నేల మీద కూర్చుండిపోయింది. పీజీ అమ్మాయి పక్కనే కూర్చుని ఆమెని పట్టుకుంది.

ఆ తర్వాత చేసేవన్నీ చేశారు. మరిది వచ్చాడు, వదినగారిని లేవదీసి ఆటో దగ్గరికి నడిపించాడు. బండి తోసేవాళ్ళు వచ్చారు. దుప్పటీ, ఫ్లాస్కూ, చెప్పులూ, ప్లాస్టిక్ పలకా అన్నీ ఎవరో ఒక సంచీలో సర్దారు. మంచానికి కొత్త పక్క పరిచేందుకు ఆయా పాత దుప్పట్లు లాగేసింది. డాక్టరమ్మ అక్కడే నిలబడి ఉంటే, "జరగండమ్మా" అని పక్కకి తప్పించి, పరుపు తుడిచింది.

మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి ఏటవాలుగా పడుతోంది. గట్టు మీద స్టీలు గ్లాసు ఉండిపోయింది. అందులో నీళ్ళు చల్లారిపోయాయి, నెరిసిన వెంట్రుకలు అడుగుకి చేరాయి, గ్లాసుకి ఆనించిన బ్రష్షు కుచ్చులో మాత్రం నురగ ఇంకా తెల్లగా, మెత్తగా ఉంది.